బాబాసాహెబ్ గెలిచిన మొదటి యుద్ధం

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారి జీవితం మన హాస్టల్ విద్యార్థులకు కొత్త కాదు. ఏప్రిల్ 14 వచ్చిందంటే వ్యాసరచన పోటీలు, డిసెంబరు 6 వచ్చిందంటే చిత్రపటానికి దండ. ఆయన ఎక్కడ పుట్టారు, ఏ డిగ్రీలు చేశారు, రాజ్యాంగ ముసాయిదా సంఘానికి ఎప్పుడు అధ్యక్షులయ్యారు అని అర్ధరాత్రి లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేవాళ్ళు మనలో ఉన్నారు. కాబట్టి ఆ జాబితా ఇక్కడ మళ్ళీ రాయను. బయటివాళ్ళతో పోరాడక ముందే ఆయన తన మనసుతో తాను ఒక పోరాటం చేశారు. దాన్ని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. నాకు మాత్రం ఆయన జీవితంలో మనకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది అదే అనిపిస్తుంది.

మనందరికీ తెలిసిన గొంతు ఒకటుంది. మాస్టారు బోర్డు దగ్గరకు పిలిస్తే నీకు రాదు, కూర్చో అంటుంది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే నవ్వుతారు, నోరు మూసుకో అంటుంది. కాలేజీలో చేరిన కొత్తలో ఎక్కడ ఉంటున్నావని ఎవరైనా అడిగితే హాస్టల్ పేరు చెప్పకుండా ఊరి పేరు చెప్పి తప్పించుకోమంటుంది. ఆ గొంతు బయట ఎవరికీ వినపడదు. అది మన మాటే అనుకుని మనం నమ్మేస్తాం. అంబేద్కర్ గారికి కూడా చిన్నప్పుడు ఆ గొంతు ఉండేదంటే చాలామంది ఆశ్చర్యపోతారు.

ఆయన 1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. తల్లి భీమాబాయి, భీమ్‌కు సుమారు ఐదేళ్ళ వయసులోనే చనిపోయింది. మేనత్త పెంచింది. సతారాలో బడికి పోయేవాడు. ఆ బడిలో భీమ్ మిగతా పిల్లల మధ్య కూర్చోవడానికి వీల్లేదు. ఇంటి దగ్గర నుంచి ఒక గోనెపట్టా తెచ్చుకుని మూలన పరుచుకోవాలి. సాయంత్రం దాన్ని మళ్ళీ ఇంటికి మోసుకుపోవాలి, ఎందుకంటే బడి ఊడ్చే నౌకరు కూడా ఆ పట్టాను తాకడు. దాహం వేస్తే మాస్టారి అనుమతి ఒక్కటి చాలదు, కుళాయి తిప్పడానికి నౌకరు ఉండాలి. నౌకరు లేని రోజు నీళ్ళు లేవు. ఊళ్ళో మంగలి ముట్టడు గనుక ఇంట్లో అక్కే తమ్ముళ్ళకు జుట్టు కత్తిరించేది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ పిల్లవాడికి నువ్వు తక్కువవాడివని ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పనక్కర లేదు. గోనెపట్టా చెబుతుంది, కుళాయి చెబుతుంది, కత్తెర చెబుతుంది. రోజూ అదే వింటూ ఉంటే కొన్నాళ్ళకు ఆ మాట బయటి నుంచి రావడం మానేసి లోపలి నుంచే వస్తుంది.

1901లో జరిగిన సంగతి ఆయన తర్వాత వెయిటింగ్ ఫర్ ఎ వీసా అనే చిన్న పుస్తకంలో స్వయంగా రాసుకున్నారు. తండ్రి అప్పుడు గోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వేసవి సెలవుల్లో రమ్మని పిల్లలకు ఉత్తరం రాశాడు. కొత్త చొక్కాలు, మెరిసే టోపీలు, పట్టు అంచు పంచెలు, కొత్త జోళ్ళు వేసుకుని భీమ్, అన్నయ్య, అక్క కొడుకులు సంబరంగా రైలెక్కారు. మసూర్ స్టేషన్లో దిగారు. ఉత్తరం అందక తండ్రి మనిషిని పంపలేదు. స్టేషన్ మాస్టరు మొదట ముచ్చటపడి పలకరించాడు. మీరెవరని అడిగితే, మహర్లమని భీమ్ చెప్పేశాడు. అప్పటికి దాచుకోవాలని తెలియని వయసు. అంతే, ఆ పెద్దమనిషి ముఖం మారిపోయింది. చాలాసేపటికి రెట్టింపు బాడుగ ఇస్తామంటే ఒక బండివాడు ఒప్పుకున్నాడు. అదీ ఎలాగంటే, బండి పిల్లలు తోలుకోవాలి, అతడు పక్కన నడుస్తాడు! తెచ్చుకున్న అన్నం ఉంది, తాగడానికి చుక్క నీరు లేదు. నీళ్ళు లేక ముద్ద దిగలేదు. రాత్రి టోల్ వసూలు చేసేవాడి గుడిసె దగ్గర ఆగినప్పుడు బండివాడు ఒక సలహా ఇచ్చాడు, ముస్లింలమని చెప్పి నీళ్ళు అడగమని. భీమ్ ఉర్దూలో అలాగే అడిగాడు. అయినా నీళ్ళు దొరకలేదు. ఆ రాత్రి నలుగురు పిల్లలూ దాహంతోనే పడుకున్నారు.

పొద్దున స్టేషన్లో నిజం చెప్పిన పిల్లవాడు రాత్రికి తన పేరు, కులం దాచుకోవడం నేర్చుకున్నాడు. పదేళ్ళ వయసులో ఒక్క రోజులో నేర్చుకున్న చదువు అది. దీన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ దీని అవసరం వస్తుంది.

ఆ రోజుల్లో భీమ్ అంత బుద్ధిగా చదివేవాడేమీ కాదు. మొక్కలు పెంచడం, మేకలు కాయడం, సతారా స్టేషన్లో కూలి పని చేయడం కూడా చేశాడు. తండ్రి రెండో పెళ్ళి చేసుకోవడం అతనికి నచ్చలేదు. తల్లి నగలు ఇంకొకరి ఒంటిమీద చూసి కోపం తెచ్చుకున్నాడు. చదువు మానేసి బొంబాయి పోయి మిల్లులో చేరదామని నిశ్చయించుకున్నాడు. రైలు చార్జీ కావాలి. మేనత్త నడుముకు దోపుకునే సంచిలో డబ్బు ఉంటుందని, ఆమె నిద్రపోయాక దాన్ని దొంగిలించబోయాడు. మూడు రాత్రులు చేయి సాగలేదు. నాలుగో రాత్రి సంచి చిక్కింది. విప్పి చూస్తే అందులో ఉన్నది అర్ధణా!

ఈ కథను చాలా పుస్తకాల్లో తమాషాగా చెబుతారు. కానీ ఆ చీకట్లో అర్ధణా పట్టుకుని కూర్చున్న పిల్లవాడి పరిస్థితి ఊహించండి. తల్లి లేదు, బడిలో గౌరవం లేదు, ఇప్పుడు దొంగ కూడా అయ్యాడు. నేను ఇంతే, నా బతుకింతే అనుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? అతను అలా అనుకోలేదు. చేసిన పనికి సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు పడటంలోనే కిటుకు ఉంది. చేసింది తప్పు అనుకోవడం వేరు, నేను పుట్టుకతోనే పనికిరానివాడిని అనుకోవడం వేరు. మొదటిది మనిషిని లేపుతుంది, రెండోది పడుకోబెడుతుంది. ఆ రాత్రి నుంచి శ్రద్ధగా చదివి పైకి రావాలని నిర్ణయించుకున్నానని ఆయనే తర్వాత చెప్పుకున్నారు.

తర్వాత కుటుంబం బొంబాయి వచ్చింది. పరేల్‌లో కూలీలు ఉండే చాలులో ఒకే ఒక గది. వంట అందులోనే, పడక అందులోనే, కట్టెలు, తిరగలి, ఒక మేక కూడా అందులోనే. మన డార్మిటరీలో స్థలం చాలదని గొడవపడే తమ్ముళ్ళు ఈ గదిని ఒకసారి తలుచుకోవాలి. రాత్రి రెండు గంటల వరకు తండ్రి మేలుకుని, అప్పుడు కొడుకును లేపి తాను ఆ స్థలంలో పడుకునేవాడు. చిమ్నీ లేని కిరోసిన్ దీపం ముందు భీమ్ తెల్లవారే వరకు చదివేవాడు. పుస్తకాలకు డబ్బు లేనప్పుడు రాంజీ పెళ్ళయిన కూతుళ్ళ దగ్గరకు పోయి అప్పు అడిగేవాడు. వాళ్ళ నగ తాకట్టు పెట్టి పుస్తకం తెచ్చేవాడు. కొడుకు తనను తాను నమ్మకముందే తండ్రి నమ్మాడు. మనలో చాలామంది అమ్మానాన్నలు కూడా అలాంటివాళ్ళే. చదువు రాకపోయినా వాళ్ళకు ఈ ఒక్క విషయం వచ్చు.

ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు ప్రభుత్వ బడి, పేరున్న బడి. అక్కడా ఆ బాధ తప్పలేదు. ఒకరోజు మాస్టారు లెక్క చేయమని భీమ్‌ను నల్లబల్ల దగ్గరకు పిలిచాడు. వెంటనే క్లాసులో గోల మొదలైంది. ఆ బల్ల వెనక మిగతా పిల్లల అన్నం డబ్బాలు ఉన్నాయి. ఇతను బల్ల ముట్టుకుంటే అవి మైలపడతాయని అందరూ పరుగెత్తి డబ్బాలు లాక్కున్నారు. ఆ చప్పుడు అణిగిన తర్వాత భీమ్ లెక్క చేశాడు. నాకు ఇక్కడ ఆశ్చర్యం కలిగించేది అతను లెక్క చేయగలగడం కాదు, బల్ల దాకా నడిచి వెళ్ళడం. సంస్కృతం చదువుకుంటానంటే వీల్లేదన్నారు. పారశీకం తీసుకున్నాడు. సంస్కృతాన్ని తర్వాత సొంతంగా నేర్చుకున్నాడు.

1907లో మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. ఎన్ని మార్కులో తెలుసా? 750కి 282. అంటే నూటికి 38 కూడా లేవు. ప్రపంచంలోని గొప్ప విశ్వవిద్యాలయాలు తర్వాత డాక్టరేటు ఇచ్చి గౌరవించిన మనిషి మార్కుల కాగితం అది. పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు మన హాస్టల్లో కొన్ని మంచాల మీద దుప్పటి ముసుగులు కనిపిస్తాయి. ఆ ముసుగుల్లో ఉన్నవారికి ఈ అంకె చెప్పాలని నా కోరిక. మార్కులు తక్కువ రావడం మంచిదని చెప్పడం కాదు. 282 చూసి ఆ కుర్రవాడు తన కొలత అదేనని ఒప్పుకోలేదని చెప్పడం. ఆ కులంలో మెట్రిక్ దాకా రావడమే అరుదు గనుక పేటవాళ్ళు సభ పెట్టి అభినందించారు. ఆ సభలో కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధుడి చరిత్ర బహుమతిగా ఇచ్చాడు. తర్వాత ఆయనే బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ దగ్గరకు తీసుకుపోయి నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ ఇప్పించాడు. లోపలి గొంతును ఒంటరిగా ఓడించడం ఎవరికైనా కష్టం. బయట ఒక్కరైనా మరో మాట చెప్పేవారు ఉండాలి. సతారాలో తన అన్నంలో కొంత రోజూ భీమ్‌కు పెట్టిన ఒక ఉపాధ్యాయుడిని కూడా అంబేద్కర్ గారు జీవితాంతం ప్రేమగా తలుచుకునేవారు.

1912లో బి.ఏ. అయింది. 1913 ఫిబ్రవరిలో తండ్రి పోయారు. అదే సంవత్సరం జూలైలో బరోడా సంస్థానం డబ్బుతో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ కలిసి కూర్చోవచ్చు, కలిసి తినవచ్చు. గోనెపట్టా లేదు. చుట్టూ ఆ మాట చెప్పేవాళ్ళు లేకపోయేసరికి లోపలి గొంతు కూడా నెమ్మదించింది. అయితే ఆయన దాన్ని అంతటితో వదలలేదు. 1916 మే నెలలో ఒక సెమినార్‌లో భారతదేశంలో కులాలు ఎలా పుట్టాయి, ఎలా పెరిగాయి అనే అంశం మీద పత్రం చదివారు. తనను చిన్నప్పటి నుంచి కుంగదీసినదాన్నే బల్లమీద పెట్టి, ఇది ఎక్కడ నుంచి వచ్చింది, ఎవరు పెట్టారు, ఎలా పనిచేస్తుంది అని పరిశీలించారు. వైద్యుడు రోగాన్ని చూసినట్టు చూశారు. భయపెట్టే దాని పుట్టుక తెలిస్తే భయం సగం పోతుంది. కులం మనుషులు కల్పించినదని తేలినప్పుడు, నువ్వు తక్కువ అనే మాట కూడా మనుషులు కల్పించినదే కదా!

ఇక గెలిచేశాడు అనుకుంటాం. కాలేదు. 1917లో స్కాలర్‌షిప్ షరతు ప్రకారం బరోడాలో ఉద్యోగానికి వచ్చారు. రైలు దిగగానే ఎక్కడ దిగాలి అనే ప్రశ్న వచ్చింది. అయిదేళ్ళ విదేశవాసంలో తాను అంటరానివాడిననే స్పృహే చెరిగిపోయిందని, బరోడా స్టేషన్లో అది మళ్ళీ ఎదురొచ్చిందని ఆయన రాసుకున్నారు. ఒక పార్శీ సత్రంలో పార్శీ పేరు చెప్పుకుని చేరారు. చూశారా, టోల్ గుడిసె దగ్గర ముస్లింనని చెప్పిన పిల్లవాడు ఇరవై ఆరేళ్ళ వయసులో, అమెరికాలో ఎం.ఏ. చేసి వచ్చాక కూడా, పేరు దాచుకోవలసి వచ్చింది. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని డజను మంది పార్శీలు వచ్చి నిలదీశారు. సాయంత్రానికల్లా ఖాళీ చేయాలన్నారు. ఇద్దరు స్నేహితులను ఆశ్రయం అడిగితే ఇద్దరూ ఏవో కారణాలు చెప్పారు. రాత్రి రైలు వచ్చేవరకు ఊళ్ళో తోటలో కూర్చుని గడిపి బొంబాయి వెళ్ళిపోయారు. ఆ తోటలో ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నారని జీవితచరిత్రలు చెబుతాయి.

చదువు వస్తే ఆ గొంతు దానంతట అదే పోతుందని మనం అనుకుంటాం. ఉద్యోగం వస్తే పోతుందనుకుంటాం. బరోడా సంగతి చదివాక నాకు ఆ నమ్మకం పోయింది. అది మళ్ళీ మళ్ళీ వస్తుంది. వచ్చినప్పుడు ఏం చేశాం అన్నదే లెక్క.

ఆయన ఏం చేశారంటే, మళ్ళీ పనిలో పడ్డారు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్రం ప్రొఫెసరుగా చేరారు. అంటరానివాడు ఏం చెబుతాడులే అని మొదట విద్యార్థులు లెక్కచేయలేదు. స్టాఫ్ గదిలో కుండలో నీళ్ళు తాగితే కొందరు తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం చెప్పారు. ఆయన జవాబు క్లాసులో చెప్పారు, పాఠం రూపంలో. ఎంత బాగా తయారై వచ్చేవారంటే కొన్నాళ్ళకు వేరే కాలేజీల విద్యార్థులు కూడా వచ్చి వినేవారు.

1920లో కూడబెట్టిన జీతం, కొంత అప్పు తీసుకుని లండన్ వెళ్ళారు. అర్ధాకలితో గ్రంథాలయాల్లో కూర్చుని రూపాయి సమస్య మీద పరిశోధన గ్రంథం రాశారు. 1923 మార్చిలో దానికి పరీక్షకుల నుంచి ఆటంకం వచ్చింది, తిరిగి రాయమన్నారు. చేతిలో డబ్బు అయిపోయింది, బొంబాయి తిరిగి వచ్చేశారు. ఇక్కడి నుంచే తిరగరాసి ఆగస్టులో మళ్ళీ పంపారు. ఆ ఏడాది చివరిలోపే డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా వచ్చింది, పుస్తకం అచ్చు కూడా అయింది. తిరిగి వచ్చిన కాగితాలను ఆయన తన మీద తీర్పుగా తీసుకోలేదు, ఆ కాగితాల మీద వచ్చిన అభ్యంతరంగానే తీసుకున్నారు. అర్ధణా రాత్రి నేర్చుకున్న తేడా ఇక్కడ పనికొచ్చింది.

అక్కడి నుంచి ఆయన పేరు దాచుకున్న సందర్భం నాకు ఎక్కడా కనపడలేదు. పైగా ఆ గొంతు తన ఒక్కడిది కాదని, లక్షల మంది లోపల అదే మాట అదే మాటగా మోగుతోందని గ్రహించారు. 1927 మార్చి 20న మహద్‌లో వేలమందిని వెంటబెట్టుకుని చవదార్ చెరువుకు నడిచారు. స్వయంగా దోసిలిపట్టి నీళ్ళు తాగారు. మసూర్ దారిలో నీళ్ళు దొరకని పిల్లవాడికి అప్పటికి ముప్పై ఆరేళ్ళు నిండవస్తున్నాయి. ఆనాడు దెబ్బలు తిన్నారు, కేసులు నడిచాయి, ఆ చెరువు మీద హక్కు ఉందని బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పేసరికి 1937 వచ్చింది.

మహద్‌లో జరిగిన ఇంకో సంగతి మన పాఠాల్లో తక్కువగా వస్తుంది. డిసెంబరులో అక్కడే జరిగిన సభలో ఆయన స్త్రీలతో విడిగా మాట్లాడారు. చీర కట్టులో, ఒంటిమీది బరువైన లోహపు నగల్లో వీళ్ళు ఫలానా అని దూరం నుంచే తెలిసిపోయే గుర్తులు ఉండేవి. వాటిని తీసేయమని, ఆడపిల్లలను చదివించమని చెప్పారు. మర్నాటికే ఎంతోమంది చీరకట్టు మార్చేశారు. చట్టం ఏదీ అప్పటికి మారలేదు. మారింది లోపల. మరి ఇదీ పేరు దాచుకోవడం లాంటిదే కదా అని ఒక చెల్లెలు నన్ను అడిగింది. కాదనుకుంటాను. ఎవరో తగిలించిన గుర్తును తీసి పారేయడానికి, నేను నేను కాదని చెప్పడానికి చాలా తేడా ఉంది. ఆ స్త్రీలు వేలమంది చూస్తుండగా, ఎవరి పేరుతో వాళ్ళు ఆ పని చేశారు.

రౌండ్ టేబుల్ సమావేశాలు, పూనా ఒప్పందం, రాజ్యాంగం, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధ దీక్ష, అదే డిసెంబరు 6న నిర్యాణం, ఇవన్నీ మీకు తెలిసినవే. మన వైపు వాళ్ళం గర్వంగా చెప్పుకోవలసింది ఒకటుంది. 1953 జనవరి 12న హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

మధ్యలో ఒక సంగతి కావాలనే వదిలేశాను, అది మనది గనుక చివరికి అట్టిపెట్టాను. లండన్ నుంచి వచ్చి ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో, ఇంట్లో గడవడమే కష్టంగా ఉన్న రోజుల్లో, 1924లో ఆయన బహిష్కృత హితకారిణి సభను స్థాపించారు. ఆ సభ మొదట చేసిన పనుల్లో ఒకటి హాస్టల్ పెట్టడం. 1925 జనవరిలో షోలాపూర్‌లో అణగారిన కులాల హైస్కూలు పిల్లల కోసం అది మొదలైంది. తిండి, బట్ట, పుస్తకాలు సభే చూసుకునేది. పరుచుకోవడానికి ఎవరూ ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకోనక్కర లేని చోటు అది. ఆ హాస్టల్ పిల్లలు ఊరికే కూర్చోలేదు. సరస్వతీ విలాస్ అనే పేరుతో తమ రాతలతో తామే ఒక మాసపత్రిక నడిపారు.